వేల పేర్ల పేపరులో ఒక్క మనిషి పని ఎక్కడ ఉంటుంది?

ధర్మాబాద్_మాస్టారు
మా చిన్నమ్మాయి నాందేడ్‌లో ఎమ్మెస్సీ ముగించి, ఇప్పుడు జెనీవా దగ్గరి సెర్న్ అనే కణ భౌతిక పరిశోధన కేంద్రంలో సీఎంఎస్ అనే ప్రయోగం మీద పీహెచ్‌డీ చేస్తోంది. కిందటి నెల ఆమె పేరు ఉన్న మొదటి పేపరు వచ్చింది. స్టేషన్ రోడ్డులోని జిరాక్స్ దుకాణంలో ప్రింటు తీయించాను. విషయం ఉన్న పుటలు కొన్ని, తక్కినవన్నీ పేర్లే. రెండు వేలకు పైబడిన ఆ పేర్లను దేశాల వారీగా, సంస్థల వారీగా పేర్చారు కనుక, భారతదేశం ఉన్న పుట దగ్గర ఆగి భూతద్దంతో వెతికితే దొరికింది. మరాఠీ పద్ధతిలో మా పిల్లల పేర్ల మధ్యలో తండ్రి పేరు ఉంటుంది. ఆ లెక్కన నా పేరులోని మొదటి అక్షరం కూడా అచ్చయింది కాబట్టి నేనూ శాస్త్రవేత్తనైపోయానని మా ఆవిడ ఎగతాళి చేసింది.

సంతోషం అంతటితో ఆగి ఉంటే బాగుండేది. మా బావమరిది ఆ కాగితాలు తిరగేసి, "పెళ్ళి పత్రిక అడుగున బంధుమిత్రుల అభినందనలతో అని వేసినట్టుంది, ఇందులో అమ్మాయి చేసిందేమిటి బావా?" అన్నాడు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినవాడినై ఉండి కూడా జవాబు చెప్పలేకపోయాను. ఫోన్లో అమ్మాయిని అడిగితే "అందరం కలిసి చేశాం నాన్నా" అంటుంది. ఇంతమంది కలిసి ఒకే పని ఎలా చేస్తారు? ఎవరు ఎవరికి పని చెబుతారు? తప్పు జరిగితే ఎవరిని పట్టుకోవాలి? తెలిసినవారు చెప్పగలరు.

దెగ్లూర్_కుర్రోడు
మీ బావమరిదిగారితో నేను ఏకీభవిస్తున్నాను మాస్టారూ. 2015లో హిగ్స్ అనే సూక్ష్మ కణం బరువు మీద వచ్చిన ఒక పేపరులో 5,154 పేర్లు ఉన్నాయి. మొత్తం 33 పుటలైతే, అందులో 24 పుటలు పేర్లకూ సంస్థలకూ సరిపోయాయి. అది పేపరు కాదు, ఓటర్ల జాబితా.

సిరొంచ_సుబ్బు
ఓటర్ల జాబితాలోనైతే చనిపోయినవారి పేర్లు కూడా ఉంటాయి.

బరంపురం_భౌతికం
సుబ్బుగారు నవ్వులాటకు అన్నా, ఆ పేపర్లలో చనిపోయినవారి పేర్లు కూడా ఉంటాయన్నది నిజం. పేరు పక్కన చిన్న గుర్తు పెట్టి, అడుగున మరణించారని రాస్తారు. కణాలను ఢీకొట్టించి చూసే ఆ యంత్రం కట్టడానికి ఏళ్ళు పడుతుంది. కట్టినవారిలో కొందరు ఫలితం చూడకుండానే వెళ్ళిపోతారు.

మాస్టారి ప్రశ్నకు వస్తాను. నేను భువనేశ్వర్‌లో పీహెచ్‌డీ చేసే రోజుల్లో, సెర్న్‌లోనే ఉన్న ఆలిస్ అనే మరో ప్రయోగంలో కొంతకాలం పనిచేశాను. అందులో ఫోటాన్లను, అంటే వెలుగు కణాలను, లెక్కపెట్టే ఒక డిటెక్టర్‌ను కోల్‌కతాలోని వీఈసీసీ అనే పరిశోధన సంస్థ ముందుండి నడిపించగా మన దేశంలోని సంస్థలు కలిసి తయారుచేశాయి. భువనేశ్వర్‌లోని భౌతికశాస్త్ర సంస్థ కూడా అందులో ఉంది. మీ అమ్మాయి ఉన్న సీఎంఎస్‌లోనైతే బయటి వరుసలోని హాడ్రాన్ కెలోరీమీటర్ (కణాల శక్తిని కొలిచే పరికరం) ముంబయిలోని టీఐఎఫ్ఆర్ అనే పరిశోధన సంస్థ చేతిమీదుగా వెళ్ళింది. ఏ దేశం ఏ భాగం చేసి ఇస్తుందో, దాని మరమ్మతు ఎవరు చూస్తారో ముందుగానే ఒప్పంద పత్రంలో రాసుకుంటారు. డబ్బు చాలావరకు చేతులు మారదు, వస్తువు మారుతుంది. ఎవరి ప్రభుత్వం వారికి జీతం ఇస్తుంది.

కాబట్టి ఎవరు ఎవరికి పని చెబుతారన్న మీ రెండో ప్రశ్నకు జవాబు కొంచెం విచిత్రంగా ఉంటుంది. ఎవరూ ఎవరికీ చెప్పలేరు. ప్రయోగానికి ఒక ప్రతినిధి ఉంటారు. ఆ ప్రతినిధిని సభ్య సంస్థలే ఎన్నుకుంటాయి. 2012 జులై 4న హిగ్స్ కణం కనబడిందని ప్రకటించిన రోజు వేదిక మీద మాట్లాడిన ఫాబియోలా జనోటీ, జో ఇంకాండేలా అలా ఎన్నికైనవారే. వారికి ఒక సంస్థలోని మనిషిని పనిలోంచి తీసేసే అధికారం లేదు, జీతం పెంచే అధికారం అసలే లేదు. బతిమాలాలి, ఒప్పించాలి, సమావేశాలు పెట్టాలి. నా పరిశోధన కాలంలో సగం సమావేశాల్లోనే గడిచిందంటే అతిశయోక్తి కాదు.

కిన్వట్_వైర్‌మన్
నేను పదో తరగతి చదివినవాడిని, తప్పుగా అడిగితే మన్నించండి. మేస్త్రీ లేకుండా నాలుగు గదుల ఇల్లే లేవదు. అంత పెద్ద యంత్రం ఎలా లేచింది?

పర్లాకిమిడి_పంతులు
వైర్‌మన్ అడిగిందే అసలు ప్రశ్న. రాజుగారి కొలను కథ చిన్నప్పుడు అందరం విన్నాం. తెల్లవారేసరికి ఇంటికొక చెంబెడు పాలు పోయాలని చాటింపు వేస్తే, అందరూ పాలు పోస్తారు కదా, నా ఒక్కడి చెంబు నీళ్ళు ఎవరికి తెలుస్తాయిలే అని ప్రతివాడూ అనుకున్నాడు. పొద్దున చూస్తే కొలను నిండా నీళ్ళే. రెండు వేల మందిలో నీళ్ళు పోసినవారు ఎంతమందో భౌతికంగారు చెప్పగలరా?

బరంపురం_భౌతికం
పంతులుగారు అడిగినంత సూటిగా మా గైడును నేనూ ఒకసారి అడిగాను. ఆ కొలను గట్టు మీద చెంబులు చూసేవారు ఉంటారని ఆయన అన్నారు. ఈ ప్రయోగాల్లో పేరు వేయించుకోవాలంటే చేరిన రోజునుంచే కుదరదు. సుమారు ఒక ఏడాది పాటు, తన పరిశోధనతో సంబంధం లేకపోయినా, అందరికీ పనికొచ్చే ఒక చాకిరీ చేసి చూపించాలి. తరువాత కూడా ప్రతి సంస్థ ఏటా ఇన్ని షిఫ్టులు చేయాలని లెక్క ఉంటుంది.

నేను చేసిన రాత్రి షిఫ్టు ఎలా ఉండేదో చెబితే అర్థమవుతుంది. కంట్రోల్ రూములో ఒక బల్ల, దాని మీద వరుసగా తెరలు. నా ముందున్న తెరలో చిన్న చిన్న పటాలు కొన్ని నిమిషాలకు ఒకసారి మారుతుంటాయి. ప్రతి పటం పక్కన, నిన్న బాగా నడిచినప్పటి పటం నీడలాగా కనబడుతుంది. ఈరోజు గీత నిన్నటి నీడ మీద పడుతోందా లేదా అన్నది చూడడమే నా పని. పడకపోతే లాగ్‌బుక్‌లో గంట, నిమిషం వేసి రాయాలి, ఆ భాగానికి బాధ్యుడైన మనిషిని నిద్ర లేపాలి. మొదటిసారి నేను ఒక ఇటలీ ప్రొఫెసరును తెల్లవారుజామున మూడింటికి లేపాను. తీరా చూస్తే నేను నిన్నటిది కాక మొన్నటి పటంతో పోల్చాను. ఆయన కోప్పడలేదు. "లేపడమే నీ పని, తప్పో ఒప్పో తేల్చడం నా పని" అన్నారు.

వైర్‌మన్ అన్నా, మేస్త్రీ లేడనడం నాదే పొరపాటు. ప్రతి గోడకూ ఒక మేస్త్రీ ఉన్నాడు. మొత్తం ఇంటికే ఒక పెద్ద మేస్త్రీ లేడు.

గుణుపురం_గీత
ఈ చర్చ నా పుండు మీదే సాగుతోంది కనుక రాయక తప్పడం లేదు. నేను మొక్కల జన్యువుల మీద ఒక పెద్ద ఉమ్మడి పథకంలో నాలుగేళ్ళు పనిచేశాను. వందల మంది ఉన్న పేపరులో నా పేరు మధ్యలో ఎక్కడో ఉంది. తరువాత ఒక కళాశాల ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళితే, బోర్డులోని ఒక పెద్దమనిషి కాలిక్యులేటర్ తీసి, ఆ పేపరుకు వచ్చే మార్కులను పేర్ల సంఖ్యతో భాగించి, వచ్చిన దశాంశాన్ని నాకు చూపించి నవ్వాడు. స్థానిక పత్రికలో ఒంటరిగా మూడు పుటల వ్యాసం అచ్చువేయించుకున్న అభ్యర్థికి నాకంటే ఎన్నో రెట్లు మార్కులు వచ్చాయి. కలిసి పనిచేయమని ప్రోత్సహించేదీ మనవారే, కలిసి చేస్తే భాగహారం చేసేదీ మనవారే.

దెగ్లూర్_కుర్రోడు
గీతక్కా, అందుకే నేను పైన అన్నది. పేర్లు పెరిగే కొద్దీ పేరుకు విలువ తగ్గుతుంది. ఉల్లిగడ్డల ధరకూ ఇదే సూత్రం.

గుణుపురం_గీత
కుర్రవాడా, నీవు అన్నది అది కాదు. పని తక్కువని నీవు అన్నావు, పనిని కొలిచే తక్కెడ తప్పని నేను అంటున్నాను. రెండింటినీ కలపవద్దు.

ఒక మంచి పద్ధతి కూడా చెబుతాను. వరి జన్యుపటాన్ని చదవడానికి 10 దేశాలు కలిశాయి, నాయకత్వం జపాన్‌ది. వరికి 12 క్రోమోజోములు. వాటిని పొలం గట్లలాగా పంచుకున్నారు, 11వ దానిలో ఒక భాగం మన దేశానికి వచ్చింది, ఢిల్లీ విశ్వవిద్యాలయం దక్షిణ ప్రాంగణంలోనూ పూసా వ్యవసాయ పరిశోధన సంస్థలోనూ ఆ పని జరిగింది. 2005లో ఫలితం అచ్చయినప్పుడు రచయిత పేరు ఉండవలసిన చోట మనుషుల పేర్లు లేవు, ఆ పథకం పేరే ఉంది. ఎవరు ఏం చేశారో చివర రాశారు. పది వేల అక్షరాలకు ఒకటి కంటే తక్కువ తప్పులు ఉండాలన్న కొలత అందరికీ ఒక్కటే. మా దేశం భాగంలో తప్పులు ఎక్కువైనా పర్వాలేదనడానికి ఎవరికీ వీల్లేదు.

మనిషి జన్యుపటం చదివిన పథకంలో ఇంకో కట్టుబాటు ఉంది. 1996లో బెర్ముడాలో కూర్చుని, చదివిన భాగాన్ని వీలైతే 24 గంటల్లోపే అందరికీ అందుబాటులో పెట్టాలని నిర్ణయించుకున్నారు. దాచుకుని పేపరు రాసుకునే అలవాటు ఉన్న రంగంలో అది చిన్న విషయం కాదు. నా దృష్టిలో సహకారం అంటే అదే. పక్కపక్కన కూర్చోవడం కాదు.

జయపురం_వరిగింజ
వరి మాట వచ్చింది కనుక నాకూ మాట్లాడే హక్కు ఉంది. సెర్న్ అంత దూరం వెళ్ళనక్కర లేదు. అఖిల భారత సమన్వయ వరి పథకం 1965 నుంచి ఉంది, కేంద్రం హైదరాబాదులో. ఏ కొత్త వంగడమైనా దేశంలో అనేక చోట్ల ఒకేసారి సాగుచేసి చూస్తేనే ముందుకు పోతుంది. నేను క్షేత్ర సహాయకుడిగా పనిచేసిన రోజుల్లో విత్తనం చిన్న పొట్లాలుగా వచ్చేది, మీద కోడ్ నంబరు తప్ప పేరు ఉండేది కాదు. అది కటక్ వంగడమో, మారుటేరు వంగడమో మాకు తెలియదు, తెలియకూడదు కూడా. తెలిస్తే మనవాళ్ళదని ఒక దోసెడు యూరియా ఎక్కువ పడుతుంది.

కోత రోజున మొదట మడి చుట్టూ ఉన్న గట్టు వరుసలు కోసి పక్కన పడేయాలి. వాటికి ఎండా గాలీ ఎక్కువ తగులుతాయి, దిగుబడి ఎక్కువ చూపిస్తాయి, అందుకని లెక్కలోకి రావు. లోపలి వరుసలు మాత్రమే కోసి, నూర్చి, తూర్పారబట్టి, తేమ కొలిచే చిన్న యంత్రంలో గింజలు పోసి, 14 శాతం తేమకు సరిచేసి బరువు రాసేవాళ్ళం. ఒక ఏడాది పాలు పోసుకునే దశలో పిచ్చుకలు పడి నాలుగు మళ్ళను ఊడ్చేశాయి. మా పైవాడు అంచనా అంకెలు వేద్దామన్నాడు. నేను "పిట్టలు తిన్నవి" అని రాసి పంపాను. మడికీ మడికీ తేడా మరీ ఎక్కువగా ఉందని ఆ ఏడాది మా కేంద్రం అంకెలన్నీ కొట్టేశారు. ఆరు నెలల కష్టం పోయింది, పైవాడు ఏడాది పాటు నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ నేను రాసింది సరైనదే అంటాను, ఎందుకంటే మా దొంగ అంకెను నమ్మి ఎక్కడో ఒక రైతు ఆ విత్తనం వేసేవాడు.

సిరొంచ_సుబ్బు
గట్టు వరుసలకు ఎండా గాలీ ఎక్కువ, లెక్కలో మాత్రం ఉండవు. సరిహద్దు తెలుగువాళ్ళ చరిత్రను ఒక్క ముక్కలో చెప్పావు అన్నా.

పర్లాకిమిడి_పంతులు
నవ్వు ఆపుకోలేకపోయాను. అయినా నా అనుమానం తీరలేదు. షిఫ్టులు చేశారు, గింజలు తూచారు, సరే. అందరూ కలిసి ఒకే తప్పు చేస్తే? పదిమందీ ఔనంటే కాదనే గుండె ఎవరికి ఉంటుంది?

నాందేడ్_నుంచి_ఔంఢా
పంతులుగారి ప్రశ్నకు నా దగ్గర ఒక ముచ్చట ఉంది. నేను పని మీద బసమత్ మీదుగా ఔంఢా నాగనాథ్ వైపు తరచు వెళ్తాను. అక్కడే హింగోలి జిల్లాలో, ఆకాశం నుంచి వచ్చే గురుత్వ తరంగాలను పట్టే లైగో ఇండియా కట్టాలని నిర్ణయించారు, 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 2,600 కోట్ల రూపాయలకు ఆమోదం తెలిపింది. నాలుగేసి కిలోమీటర్ల రెండు చేతులు, మధ్య గాలి లేని గొట్టం, అందులో లేజరు. ప్రోటాన్ వెడల్పులో వెయ్యో వంతు కదలికను కూడా అది పట్టుకోవాలి. పక్క రోడ్డు మీద లారీ పోతే కూడా తెలుస్తుందట. దీని గురించి అక్కడివారు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పాలని చదవడం మొదలుపెట్టాను.

అమెరికాలోని లైగోలో 2010 సెప్టెంబరు 16న ఒక గట్టి సంకేతం కనబడింది. వందల మంది ఆరు నెలల పాటు లెక్కలు వేశారు, వాదించుకున్నారు, చివరికి పేపరు కూడా రాసి సిద్ధం చేశారు. అయితే ఆ బృందంలోని ఇద్దరు ముగ్గురికి ఒక రహస్య అధికారం ఉంది. ఎవరికీ చెప్పకుండా యంత్రంలోకి దొంగ సంకేతం ఎక్కించి, ఆ వివరాలను కవరులో పెట్టి ఉంచవచ్చు. 2011 మార్చిలో కాలిఫోర్నియాలో అందరినీ కూర్చోబెట్టి కవరు విప్పారు. సంకేతం దొంగదే. పేపరు చెత్తబుట్టలో పడింది. అంతమందీ ముందే ఒప్పుకుని తమను తాము పరీక్షకు పెట్టుకున్నారు.

2015 సెప్టెంబరు 14న నిజమైన గురుత్వ తరంగం వచ్చినప్పుడు, దాన్ని మొదట గమనించిన జర్మనీలోని మార్కో డ్రాగో అనే యువకుడికి కలిగిన మొదటి అనుమానం కూడా అదే. ఇది ఎవరైనా ఎక్కించిందా అని కంట్రోల్ రూముకు ఫోన్ చేశారు. ఎక్కించలేదని తేల్చుకున్న తరువాత కూడా ప్రపంచానికి చెప్పడానికి మరుసటి ఏడాది ఫిబ్రవరి 11 వరకు ఆగారు. ఆ పేపరులో వెయ్యి పేర్లు ఉన్నాయంటే నాకు ఇప్పుడు వింతగా లేదు.

పర్లాకిమిడి_పంతులు
కవరు సంగతి బాగుంది. ఈ పద్ధతి పరీక్ష పేపర్లు దిద్దేవారికి పెడితే మా జిల్లాలో సగం మంది సెలవు పెడతారు.

దెగ్లూర్_కుర్రోడు
ఆ కథ వినడానికి బాగుంది కానీ ప్రతి బృందమూ అంత నిగ్రహంగా ఉండదు. 2011లో ఒపేరా అనే బృందం, సెర్న్ నుంచి ఇటలీ వరకు 730 కిలోమీటర్లు నేల లోపల ప్రయాణించిన న్యూట్రినోలనే కణాలు వెలుగు కంటే 60 నానోసెకన్లు ముందు చేరాయని ప్రకటించింది. చివరికి తేలిందేమిటి? ఒక ఫైబర్ కేబుల్ సరిగ్గా బిగించలేదు. అంత మంది పేర్లు పెట్టి ఏం లాభం?

బరంపురం_భౌతికం
ఆ ఉదంతంలో నీవు వదిలేసిన సగం ఉంది. ఆ బృందంలోనే కొందరు మొదటి పేపరు మీద తమ పేరు వద్దన్నారు. ఇంకా పరీక్షించాలి, తొందర వద్దని వారి పట్టు. తరువాత కేబుల్ సంగతి బయటపడ్డాక, 2012 మార్చిలో, బృందం ప్రతినిధీ భౌతిక సమన్వయకర్తా ఇద్దరూ పదవులు వదులుకున్నారు. పేరు తీసేయమనగలిగారంటే, ఆ పేరు బంధుమిత్రుల అభినందన కాదని అర్థం. ఇది సరైనదని నేనూ పూచీ పడుతున్నానని చేసే సంతకం అది. మాస్టారి బావమరిదిగారికి చెప్పవలసిన మాట నాకు తెలిసి ఇదొక్కటే.

హిగ్స్ విషయంలో జరిగింది కూడా చూడు. ఆ యంత్రం ఉన్న ఒకే సొరంగం మీద అట్లాస్, సీఎంఎస్ అని రెండు ప్రయోగాలు. ఒకరి అంకెలు ఒకరికి చెప్పుకోకూడదు. అంతేకాదు, తమ సొంత అంకెల్లో కూడా కణం ఉండవచ్చని అనుకున్న చోటును మూసి ఉంచి, పద్ధతి అంతా ఖాయం చేసుకున్నాకే తెర తీసి చూశారు. ముందే చూస్తే, కనబడాలనుకున్నది కనబడేలా లెక్క జారుతుంది. క్యాంటీన్లో మాత్రం గుసగుసలు ఆగవనుకో. కట్టుబాటు ఎంతైనా మనుషులు మనుషులే.

కిన్వట్_వైర్‌మన్
ఫైబర్ బిగించలేదన్నారు కనుక అడుగుతున్నాను. ఆ పెద్ద యంత్రంలో కూడా జాయింట్లు కాలిపోవడం ఉంటుందా?

బరంపురం_భౌతికం
ఉంటుంది అన్నా. 2008 సెప్టెంబరు 10న యంత్రం మొదలైంది, 19న రెండు అయస్కాంతాల మధ్య ఒక విద్యుత్ జాయింటు పాడై, హీలియం పొంగి, అయస్కాంతాలు పునాదుల నుంచి కదిలిపోయాయి. అలాంటి జాయింట్లు దాదాపు పది వేలు. చెడిందొకటి. మళ్ళీ నడవడానికి 14 నెలలు పట్టింది. 2016 ఏప్రిల్‌లో ముంగిసలాంటి ఒక జంతువు 66 కిలోవోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ మీదికెక్కి మొత్తం ఆపేసింది.

కిన్వట్_వైర్‌మన్
మా దగ్గర ఉడుత. వానాకాలంలో వారానికి ఒకటి. ఇప్పుడు నాకు ఆ ఊరు మన ఊరే అనిపిస్తోంది.

బరంపురం_భౌతికం
నీకు ఇంకా నచ్చేది చెబుతాను. అదే సొరంగంలో అంతకుముందు ఉన్న యంత్రంలో, పగలంతా అయస్కాంతాల బలం కొంచెం కొంచెం ఊగేది, నడిరాత్రి నుంచి తెల్లవారుజాము వరకు మాత్రం నిలకడగా ఉండేది. కారణం ఎవరికీ అంతుపట్టలేదు. 1995లో తేలింది ఏమిటంటే, దగ్గరి రైలు మార్గం నుంచి లీకయిన కరెంటు నేలలోకి పోయి, యంత్రం గొట్టాన్ని దారిగా వాడుకుంటోంది. రాత్రి రైళ్ళు లేవు కనుక అల్లరి లేదు. వందల మంది భౌతిక శాస్త్రవేత్తలు ఉన్న చోట, జవాబు ఎర్తింగు తెలిసినవారి దగ్గర ఉంది.

కిన్వట్_వైర్‌మన్
రిటర్న్ కరెంటు. మన రైల్వే గేటు దగ్గర కంచె ముట్టుకుంటే చిమచిమలాడేది కూడా దాని వల్లనే కావచ్చు. నన్ను అడిగి ఉంటే మొదటి రోజే చెప్పేవాడిని.

సిరొంచ_సుబ్బు
పేపరులో పేరు వేస్తామంటేనా, ఊరికేనా?

ఛత్రపురం_తాబేలు
ఊరికే చేసేవారు కూడా ఉంటారు సుబ్బుగారు. 2021లో మా ఒడిశా తీరంలోని గహిర్మఠలో రెక్కకు లోహపు బిళ్ళ వేసి వదిలిన ఆలివ్ రిడ్లీ తాబేలు ఒకటి, 2025లో మీ మహారాష్ట్రలోని గుహాగర్ ఒడ్డున గుడ్లు పెడుతూ కనబడింది. తూర్పు తీరంవి పడమటి తీరానికి పోవనుకున్నవారు ఆగి ఆలోచించవలసి వచ్చింది. చీకట్లో టార్చి వేసి ఆ బిళ్ళ మీది అంకెలు చదివి రాసుకున్న మనిషి లేకపోతే ఇక్కడ బిళ్ళ వేసినవారి పని వృథా. ఋషికుల్య దగ్గర నేను కూడా రాత్రులు అలా తిరిగాను. ఏ పేపరులోనూ నా పేరు లేదు, టీ మాత్రం ఇచ్చేవారు.

గుణుపురం_గీత
అదే నా బాధ. భౌతిక శాస్త్రంలో షిఫ్టు చేసినవారికి కూడా పేరు ఇస్తారు. మా వైపు విత్తనం సేకరించినవారికీ, తాబేలు బిళ్ళ చదివినవారికీ చివర కృతజ్ఞతల్లో ఒక వాక్యం. ఇక బహుమతుల విషయానికి వస్తే అందరికీ ఒకటే గతి. నోబెల్‌ను ఒక రంగంలో ఒక ఏడాది ముగ్గురికి మించి ఇవ్వరు. 2013లో హిగ్స్ కణం గురించి ఇచ్చినది ముందే ఊహించిన ఇద్దరు సిద్ధాంతవేత్తలకు. దాన్ని వెతికి పట్టుకున్న వేల మందిలో ఒక్కరికీ కాదు. పల్లకీ ఎక్కేవారు ముగ్గురు, మోసేవారు మూడు వేలు.

జయపురం_వరిగింజ
గీతగారూ, పల్లకీ మోసేవారికి కూలి సరిగ్గా అందితే ఎక్కేవారు ఎవరైనా నాకు అభ్యంతరం లేదు. మీ ఇంటర్వ్యూ బోర్డు కూలి ఎగ్గొట్టింది. మార్పు అక్కడ రావాలి.

దెగ్లూర్_కుర్రోడు
ఇక్కడివరకు చదివాక ఓటర్ల జాబితా అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఒక అనుమానం మిగిలింది. పూచీ పడుతున్నానని సంతకం చేసేవారు రెండు వేల మందీ ఆ పేపరును నిజంగా చదువుతారా?

బరంపురం_భౌతికం
చదవరు. ఇక్కడ అబద్ధం ఆడి ప్రయోజనం లేదు. ఏటా పదుల సంఖ్యలో పేపర్లు వస్తాయి. ప్రతి పేపరుకూ లోపలి సమీక్షకు కొందరిని వేస్తారు, వారు నలిపేస్తారు. తరువాత అందరికీ తిప్పుతారు, వ్యాఖ్యలు రాసేది కొందరే. నేను ఉన్న మూడేళ్ళలో మొదటి నుంచి చివరి వరకు చదివినవి నాలుగైదుకు మించవు. తక్కినవాటికి పూచీ ఎలా పడ్డావంటే, వాటి లోపల నేను చూసిన పటాలు, నేను లేపిన ప్రొఫెసరు ఉన్నారు కనుక పడ్డాను. అది చాలదని అంటే నేను వాదించను.

ధర్మాబాద్_మాస్టారు
మూడు రోజులుగా అన్నీ చదువుతున్నాను. భౌతికంగారు చాకిరీ ఏడాది గురించి రాసింది చూశాక, అమ్మాయికి ఫోన్ చేసి ప్రశ్న మార్చి అడిగాను. ఏం కనిపెట్టావు అని కాకుండా, ఆ ఏడాది పొద్దున లేచి ఏం చేసేదానివి అని అడిగాను. అప్పుడు చెప్పింది. యంత్రంలో ఆమె చూసే భాగంలో వేల గదుల్లాంటివి ఉంటాయట, కొన్ని గదులు కణం తగలకపోయినా తగిలినట్టు అరుస్తాయట, కొన్ని తగిలినా పలకవట. ప్రతివారం ఆ అరిచేవాటికీ పలకనివాటికీ నంబర్లతో ఒక పట్టిక చేసి పెట్టడం ఆమె పని. ఆ అంకెలు వాడుకునేవారందరూ ముందు ఆ పట్టిక చూసి, ఆ గదులను పక్కన పెట్టి లెక్క మొదలుపెడతారట. నేను ఎనిమిదో తరగతి హాజరు పట్టిక వేసినట్టే ఉంది. ఎవరు అల్లరి, ఎవరు గైర్హాజరు.

ఒక వారం పట్టిక పంపమన్నాను. నాలుగు వరుసల అంకెలు, పేరు లేదు, శీర్షిక లేదు. దాన్నీ జిరాక్స్ దుకాణంలో తీయించి బావమరిదికి చూపించాను. చాలాసేపు చూసి, "ఈ ఒక్క నంబరు ఎర్రగా ఎందుకుంది?" అన్నాడు. నాకు తెలియదు. అమ్మాయిని అడగాలి, ఈ వారం ఆమెకు వాళ్ళ గడియారం ప్రకారం రాత్రి 11 నుంచి ఉదయం 7 వరకు షిఫ్టు. ఇంకెవరికైనా అడగవలసినవి ఉంటే ఇక్కడ రాయండి, ఆదివారం ఫోన్లో అన్నీ కలిపి అడుగుతాను.

కిన్వట్_వైర్‌మన్
ఎర్త్ పిట్‌లో వాళ్ళు ఉప్పూ బొగ్గూ పోస్తారా, వేరే ఏదైనానా, అడగండి మాస్టారూ.

సిరొంచ_సుబ్బు
రాత్రి షిఫ్టులో టీ ఎవరు పెడతారో కూడా.